గాజుపెట్టెలో అలారం గడియారం

మా మాల్‌లో మొదట చెప్పుల దుకాణం మూతపడింది. తరువాత బట్టలవాళ్లు, ఆ తరువాత మందుల షాపు. ఎస్కలేటర్ ఆగిపోయి రెండేళ్లయింది. జనం దాన్నే మామూలు మెట్లలా ఎక్కి మూడో అంతస్తుకు వస్తారు. అక్కడ మా ఆటల హాలు ఒక్కటే బతికుంది. నేను దాని మెకానిక్‌ని.

కింద గడియారాల కొట్టు మా మేనమామది. పదకొండేళ్లు ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. నేర్చుకున్నాననేది నా మాట. ఆయన మాత్రం, "అవి చేతులు కావురా, పారలు" అనేవాడు, వచ్చినవాళ్ల ముందే. స్క్రూ తల మీద వెంట్రుకంత గీత పడినా మొత్తం విప్పించి మళ్లీ బిగించమనేవాడు. ఒక్కనాడూ బాగుందనలేదు. చివరికి నా పేరే "పార" అయి కూర్చుంది. అత్తయ్య మాత్రం ముందు నాకు అన్నం పెట్టి, తరువాతే ఆయనకు పెట్టేది.

అత్తయ్య పోయాక, ఆమె మంచం పక్కనుండే పచ్చ అలారం గడియారాన్ని ఆయన కొట్లో పెట్టుకున్నాడు. రోజూ షట్టర్ ఎత్తగానే ముందు దానికి కీ ఇచ్చేవాడు.

తుంటి విరిగి ఆయన రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మాల్‌వాళ్లు కొట్టు ఖాళీ చేయించారు. మిగిలిన సరుకంతా మా ఓనరు గంపగుత్తగా తీసుకున్నాడు.

"వీటిని పంజా మిషన్లో వెయ్. బొమ్మలు చూసి చూసి జనానికి మొహం మొత్తింది" అన్నాడు.

గాజుపెట్టెలో పైనుంచి దిగి వస్తువును పట్టి లేపే ఆ ఇనుప పంజా బరువులెత్తలేదు. అందుకని ఒక్కో గడియారం లోపలి యంత్రం తీసేసి, ముళ్లను జిగురుతో అతికించి, ఉత్త డొల్లల్ని గాజుపెట్టెలో వేశాను. పచ్చ గడియారం చేతికొచ్చినప్పుడు ఆగాను. జేబులో వేసుకెళ్లి ఆయనకిచ్చేస్తే అడిగేవాడు లేడు. అబద్ధమెందుకు, కసి తీర్చుకోవాలనిపించింది. దాన్నీ విప్పాను. యంత్రాలన్నీ పాత సామాన్లవాడి సంచిలోకి పోయాయి.

ఆసుపత్రి నుంచి బయటికొచ్చాక మామయ్య చేతికర్ర పట్టుకుని వచ్చాడు. గాజుకు మొహం ఆనించి చూశాడు.

"ఒరేయ్, అది మీ అత్తయ్యది. తాళం నీ దగ్గరే ఉందిగా, తీసివ్వరా."

"రూల్సు ఒప్పుకోవు మామయ్యా. ఆడి గెలుచుకో."

ఆడాడు. పంజా పట్టు నేను పెట్టినట్టే ఉంటుంది: ముప్పైసార్లు వదులు, ముప్పై ఒకటోసారి గట్టి. గడియారం జానెడు లేచి పడిపోయేది. చుట్టూ మూగినవాళ్లు "అయ్యో తాతా!" అంటూ పగలబడి నవ్వేవారు. మర్నాడు ఇంకొందరిని వెంటబెట్టుకొచ్చారు. చచ్చిన మాల్‌లో మా హాలు కిటకిటలాడింది. ఓనరు నా భుజం తట్టాడు.

"ఇన్నాళ్లు కీ ఇవ్వకపోతే లోపల నూనె గడ్డకడుతుందిరా" అని మామయ్య రోజూ బెంగపడేవాడు. గడ్డకట్టడానికి లోపల ఏమీ లేదని నేను చెప్పలేదు.

పన్నెండో రోజు ఆయన ఆడలేదు. గోడవారగా స్టూలు మీద కూర్చుని ఇతరుల ఆటల్ని వేళ్ల మీద లెక్కపెట్టాడు. జన్మంతా చక్రాల పళ్లు లెక్కపెట్టిన మనిషి. పట్టు తెలిసిపోయిందని నాకర్థమైంది. లెక్క మార్చడం నాకు చిటికెలో పని. మార్చలేదు. గెలిచాక ఆయన మొహం చూడాలనుకున్నాను.

ఎవరో ఒక గడియారం గెలిచిన తరువాత ముప్పై ఆటలు అవగానే లేచి వెళ్లి ఆడాడు. పంజా బిగిసింది. గడియారం లేచింది, పడలేదు. హాలంతా చప్పట్లు.

అరచేతిలోకి తీసుకోగానే ఆయన చప్పట్లు కొడుతున్నవాళ్ల వైపు చూడటం మానేశాడు. బరువు తెలియని చేతులా అవి! వెనక్కి తిప్పాడు. కీ ఉండాల్సిన చోట కన్నం ఉంది. జేబులోంచి భూతద్దం తీసి కంటికి బిగించుకుని, వెనక రేకు స్క్రూలను ఒక్కొక్కటే చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది విప్పింది నువ్వేనా?"

"నేనే."

"ఒక్క స్క్రూ తల కూడా అరగలేదు. బాగా విప్పావురా."

పదకొండేళ్లు ఆ మాట కోసం ఆ కొట్లో నేల ఊడ్చాను. ఇప్పుడు విని, ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. ఆయన గడియారాన్ని నా చేతిలో పెట్టాడు.

"ఇది మీ అత్తయ్యది కాదు. మళ్లీ లోపల వేసుకో."

ఆగిపోయిన ఎస్కలేటర్ మీద చేతికర్ర ఒక్కో మెట్టే దిగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. జనం తరువాతి ఆట కోసం చూస్తున్నారు. ఓనరు నన్ను చూస్తున్నాడు. నేను తాళం తీసి, దాన్ని లోపల వేశాను.