స్టీరింగుకు కట్టిన ఎర్ర పీలిక

భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటున్న మెకానిక్ కరెంటు, షెడ్డు గడప మీద హారన్ రెండుసార్లు పొట్టిగా మోగేసరికి చేతిలో చెంబు వదిలేశాడు. చెంబు దొర్లుకుంటూ పోయి జాకీ పక్కన ఆగింది. అలా రెండంటే రెండుసార్లు, మూడోది లేకుండా కొట్టి వచ్చే మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉండేవాడు. ఆ మనిషి పోయి ఎనిమిది నెలలైంది.

తల తిప్పి చూస్తే మేస్త్రి కారే. ఇరవై రెండేళ్ల నాటి బూడిదరంగు బండి. సన్నగా తుంపర పడుతోంది. ముందు అద్దం మీద నీళ్లు జారుతున్నాయి. అద్దం వెనకాల స్టీరింగు కనిపించింది గానీ, దాని వెనకాల ఉండాల్సిన తల కనిపించలేదు. అలాగే ఆ కారు మెల్లగా గడప దాటి లోపలికి వచ్చి నిలబడింది. కరెంటు గోడకు ఆనుకుపోయాడు.

తలుపు తెరుచుకుని పిన్ని దిగింది. నాలుగడుగుల పదంగుళాల మనిషి, తల కనిపించకపోవడంలో వింతేమీ లేదు.

"ఏరా, బతికే ఉన్నావా?" అంది.

ఇక్కడ అతని సంగతి కొంచెం చెప్పాలి. కార్లలో వైర్ల పని చేస్తాడు కాబట్టి అందరికీ అతను కరెంటు. జుట్టు సగం నెరిసినా కరెంటే. "మా ఇంట్లో కరెంటు పొద్దున్నే పోతే మళ్లీ చీకటి పడ్డాకే వచ్చేది" అని అతని భార్య పక్కింటివాళ్లతో వేళాకోళం ఆడుతుంది. పద్నాలుగో ఏట ఈ షెడ్డులో చేరాడు. పని నేర్పింది మేస్త్రి, అన్నం పెట్టింది మేస్త్రి భార్య. ఆవిడను పిన్నీ అని పిలవడం ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు. చేతులు వణకడం మొదలయ్యాక మేస్త్రి షెడ్డు తాళాలు ఇతని చేతిలో పెట్టి ఇంట్లో కూర్చున్నాడు.

మేస్త్రికి రెండు పద్ధతులుండేవి. ఏ కారు స్టీరింగు విప్పినా ముందు స్క్రూడ్రైవర్ పిడితో దాని మీద రెండుసార్లు కొట్టేవాడు. "పరాయి ఇంట్లోకి తలుపు కొట్టకుండా వెళ్తామా?" అనేవాడు. రెండోది ఎర్ర పీలిక. ఏదైనా స్విచ్ పాడైందో లేదో తేల్చుకోవాలంటే ఆ స్విచ్‌ను దాటేసి రెండు కొసలనీ ఒక వైరు ముక్కతో కలుపుతారు. డైరెక్టు చెయ్యడం అంటారు దాన్ని. అది పరీక్ష కోసమే, పని అవ్వగానే తీసెయ్యాలి. మర్చిపోతే కొంప మునుగుతుంది. అందుకని డైరెక్టు వైరు పెట్టిన ప్రతిసారీ స్టీరింగుకు ఒక ఎర్ర గుడ్డపీలిక కట్టాలి. వైరు తీశాకే పీలిక విప్పాలి. ముందు వైరు, తర్వాత పీలిక. ముప్పై ఏళ్లలో ఆ షెడ్డులో ఈ వరుస తప్పింది లేదు.

ఒక్కసారి తప్పింది. తప్పిందేమో. ఎనిమిది నెలలుగా కరెంటును పీక్కుతింటున్నది ఆ 'ఏమో'యే.

మేస్త్రి కారులో క్రూజ్ కంట్రోల్ పట్టడం లేదు. బొత్తం నొక్కితే కాలు తీసేసినా కారును అదే వేగంతో నడిపించేది అది. బ్రేకు మీద కాలు పడగానే అది తనంతట తాను వదిలెయ్యాలి. ఆ కబురు అందించేది బ్రేకు పెడల్ పైన ఉండే చిన్న స్విచ్. అనుమానం ఆ స్విచ్ మీదే. కరెంటు దాన్ని డైరెక్టు చేసి చూశాడు, జానెడు పసుపు వైరుతో. క్రూజ్ పట్టింది. స్టీరింగుకు పీలిక కట్టాడు. కొత్త స్విచ్ వచ్చిన గురువారం నాడు దాన్ని బిగిస్తుండగానే మేస్త్రి వచ్చి కారు పక్కన నిలబడ్డాడు. అదే సమయానికి ఫోను మోగింది, ఇంకెవరో బండి ఎప్పుడిస్తావని అరిచారు. ఆ హడావుడిలో పీలిక విప్పి తాళం మేస్త్రి చేతికిచ్చాడు. పీలిక విప్పడం గుర్తుంది. వైరు తీయడం గుర్తులేదు.

మంగళవారం మేస్త్రి పోయాడు. తిన్నని రోడ్డు మీద పోతున్న కారు మలుపు దగ్గర తిరగకుండా నేరుగా పొలంలోకి దిగి, బురదలో కూరుకుని ఆగింది. కారుకు గీత పడలేదు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. గుండె ఆగినందుకు కారు పొలంలోకి పోయిందా, కారు ఆగనందుకు గుండె ఆగిందా అని డాక్టరును ఎవరూ అడగలేదు. అడగాల్సినవాడు నోరు మూసుకున్నాడు. వైరు ఉండిపోయినా బ్రేకు గట్టిగా తొక్కితే బండి ఆగుతుంది, నిజమే. కానీ బ్రేకు తొక్కుతుంటే ఇంజను మొండికేసి ముందుకు తోస్తూంటే అరవై ఎనిమిదేళ్ల గుండె ఏమవుతుంది?

అప్పటి నుంచీ మేస్త్రి అతన్ని వదల్లేదు. ఏ కారు డాష్‌బోర్డు కింద దూరినా వెనక నుంచి ఆ పొడిదగ్గు వినిపించేది. లేచి చూస్తే ఎవరూ ఉండరు. బిగించిన మూత మళ్లీ విప్పి చూసేవాడు, మూడోసారీ విప్పేవాడు. ఇంట్లో స్టవ్ కట్టేశావా అని రోజుకు నాలుగుసార్లు అడిగి భార్య చేత తిట్లు తినేవాడు. పిన్ని ఎన్నోసార్లు కబురు పెట్టింది. జ్వరమన్నాడు, పని ఒత్తిడన్నాడు, ముఖం చాటేశాడు. ఇప్పుడు ఆ కారే వెతుక్కుంటూ వచ్చింది.

"పిన్నీ, నువ్వు కారు నడుపుతున్నావా?"

"నడపక? ఆయన పోతూ పోతూ నా కాళ్లూ చేతులూ కూడా పట్టుకుపోయాడా?" పిన్ని స్టూలు లాక్కుని కూర్చుంది. "రెండు వారాలైంది నేర్చుకుని. ఇదేమో తనంతట తనే మాట్లాడుతోందిరా. గేటు దగ్గరికి రాగానే ఆయన కొట్టినట్టే రెండుసార్లు హారన్. బొత్తం ముట్టుకోకుండానే ఆ క్రూజ్ దీపం పచ్చగా వెలుగుతుంది. ఇంకో షెడ్డుకు తీసుకెళ్తే, అమ్మేయండమ్మా, మంచి బండి కాదన్నాడు వాడు."

"పాత బండి కదా పిన్నీ..."

"నాకు భయం లేదులే. దయ్యమే అయినా నా దయ్యమే కదా. కానీ ఏదో చెప్పాలని చూస్తున్నాడేమో అనిపిస్తోంది. చెప్పేదేదో నీకైతే అర్థమవుతుందని తెచ్చాను."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, కరెంటు చెయ్యి తనకు తెలియకుండానే జేబులోకి పోయింది. పసుపు వైరు ముక్క అక్కడ ఉన్నట్టు.

పని మొదలుపెట్టాడు. స్క్రూడ్రైవర్ పిడితో రెండుసార్లు కొట్టాడు. మూడు స్క్రూలు విప్పి స్టీరింగు కింది మూత దించాడు. ఇండికేటరు, వైపరు, క్రూజ్ అన్నీ ఒకే చోట ఉండే కాంబినేషన్ స్విచ్ బయటపడింది. హారన్ వైరు కూడా దాని వెనక వైర్ల గుత్తిలోంచే వెళ్తుంది. తాళం తిప్పి, టెస్ట్ ల్యాంపు పట్టుకుని ఒక్కొక్క వైరూ చూస్తూ వచ్చాడు. స్విచ్ బాగానే ఉంది. ఫ్యూజులు బాగానే ఉన్నాయి. గుత్తిని చేత్తో కదిపితే ఏమీ కాలేదు. స్టీరింగు పట్టుకుని ఊపితే మాత్రం చెవి పక్కనే హారన్ మోగింది. రెండుసార్లు. కరెంటు తల డాష్‌బోర్డుకు ఠక్కున తగిలింది.

"చూశావా?" అంది పిన్ని నెమ్మదిగా.

నుదురు రుద్దుకుంటూ మళ్లీ కిందికి వంగాడు. స్టీరింగు ఎత్తు సవరించే మీట దగ్గర అతని చూపు ఆగింది. "పిన్నీ, స్టీరింగు దించావా?"

"దించకపోతే రోడ్డెలా కనిపిస్తుంది? ఆయన తాటిచెట్టు, నేను తులసిమొక్క. ఆర్నెల్లు దాటినా ఆయన పెట్టుకున్నట్టే ఉంచాను. నడపడం మొదలుపెట్టాక తప్పలేదు."

మీట వదులు చేసి స్టీరింగును మేస్త్రి ఎత్తుకు లేపాడు. ఊపాడు. చడీచప్పుడూ లేదు. పిన్ని ఎత్తుకు దించి ఊపాడు. హారన్ మోగింది, పచ్చ దీపం వెలిగింది. అంతే సంగతి. దించినప్పుడల్లా వైర్ల గుత్తి ఇనప పట్టీ అంచుకు ఒరుసుకుంటోంది. పైతొడుగు అరిగి, హారన్ వైరులోని రాగి ఆ పట్టీకి తగులుతోంది. పక్కనున్న క్రూజ్ వైరు ఇంకో వైరును ముట్టుకుంటోంది. గేటు గడప ఎక్కితే ఒక కుదుపు, దిగితే ఒక కుదుపు, అందుకే రెండుసార్లు. మేస్త్రి కూర్చున్న ఎత్తులో ఇరవై రెండేళ్లూ ఆ తగులాట రాలేదు.

చెప్పాడు. పిన్ని అంతా విని, చీర కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది.

"అయితే ఆయన కాదన్నమాట."

కరెంటు మళ్లీ కారులోకి వంగాడు. బ్యాటరీ వైరు విప్పి, అరిగిన చోట్ల సోల్డరింగ్ పెట్టి, ప్లాస్టిక్ స్లీవు తొడిగి, గుత్తిని పట్టీకి దూరంగా కట్టాడు. అన్నీ బిగించి చూశాడు. దించినా ఎత్తినా ఊపినా కారు నోరు మెదపలేదు.

"అయిపోయిందా?" అని పిన్ని లేచింది. "క్రూజ్ కూడా పనిచేస్తుంది కదా? పెద్ద రోడ్డెక్కితే నాకు కాలు పీకుతుంది, అది వాడుకుంటాను."

కరెంటు తాళం ఇవ్వబోయి ఆగాడు. అయిపోయిందని తాళం ఇచ్చేస్తే ఆవిడ వెళ్లిపోతుంది. బ్రేకు పెడల్ పైన ఏముందో ఎవరికీ తెలియదు, తనకు కూడా. తెలియకుండా ఇన్నాళ్లు బతికాడు, ఇంకొన్నాళ్లు బతకొచ్చు. కానీ పిన్ని బతకాలి కదా. ఒక ప్రాణం తీశానేమోనన్న భయంతో రెండో ప్రాణాన్ని ఆ వైరు మీదే పెడతాడా? తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఒక్క నిమిషం, పిన్నీ" అన్నాడు.

సీటు వెనక్కి జరిపి, వెల్లకిలా పడుకుని, తలను పెడల్స్ కిందికి దూర్చాడు. కళ్లు మూసుకునే చెయ్యి పైకి పెట్టాడు. స్విచ్ తగిలింది. దాని పక్కన మెత్తగా ఏదో తగిలింది. గుడ్డ.

టార్చి వేశాడు. పసుపు వైరు స్విచ్ మీద లేదు. చక్కగా చుట్ట చుట్టి పక్కనున్న పెద్ద గుత్తికి కట్టి ఉంది, ఎర్ర పీలికతో. ముడి వేసి, కొస లోపలికి మడిచి, పైన ఇంకో చుట్టు. అలాంటి ముడి వేసే చెయ్యి ఒక్కటే. చుట్లు వంకరగా ఉన్నాయి. వణికే వేళ్లతో, ఆ వయసులో పెడల్స్ కింద పడుకుని కట్టాడు మనిషి.

అంటే మేస్త్రి చూశాడు. తీసేశాడు. ఆ మంగళవారం కారులో ఏ తప్పూ లేదు.

కరెంటు అక్కడే పడుకుని ఏడ్చాడు. ముందు గుండెల మీది బరువు దిగినందుకు ఏడ్చాడు. కాసేపటికి ఇంకోటి తట్టింది. చెయ్యని తప్పుకు భయపడి చెయ్యకూడని తప్పు చేశాడు. చివరిచూపుకు పోలేదు. ఆ రోజు కబురు వినగానే కాళ్లకు చెప్పులు లేకుండా పరుగెత్తాడు, సందు మొగ దాకా వెళ్లాడు. మేస్త్రి ఇంటి ముందు బురద కొట్టుకుని నిలబడ్డ ఈ కారును చూశాడు. వెనక్కి తిరిగాడు.

పీలిక విప్పడానికి చాలాసేపు పట్టింది. బయటికి వచ్చి దాన్ని స్టీరింగుకు కట్టాడు.

షెడ్డు పద్ధతులు పిన్నికి కొత్తేం కాదు. "ఇంకా ఏం మిగిలిందిరా?" అంది.

నిలబడే అంతా చెప్పాడు. గురువారం, ఫోను, వైరు, ఎనిమిది నెలల దగ్గు. ఆవిడ ముఖంలోకి చూడలేక టైర్లతో చెప్పాడు.

"ఆ పసుపు వైరా?" పిన్ని నోరు తెరిచింది. "ఆదివారం పొద్దున్నే కారులోకి దూరి వచ్చి నవ్వుతూ చెప్పాడే నాకు! 'మనవాడు వైరు మర్చిపోయాడు. నేను చెప్పను. తప్పు చేసినవాడే చెప్పుకోవాలి. రేపు వాడికే గుర్తొచ్చి పరుగెత్తుకొస్తాడు చూడు' అన్నాడు. సోమవారమంతా వీధి అరుగు మీదే కూర్చున్నాడు నీ కోసం."

కరెంటు తల ఎత్తి ఆవిడ ముఖంలోకి చూశాడు.

"అంత చిన్న విషయం నేనేం గుర్తుపెట్టుకుంటాను! ముసలాయన పోయాడు, ఇక మాతో నీకేం పనిలే అనుకున్నాను. నిన్ను తిట్టుకున్నాను కూడా. ఆ రోజు సందు మొగలో నిన్ను చూశాన్రా. కాళ్లకు చెప్పుల్లేవు. వెనక్కి తిరిగి పోతుంటే, చెప్పులు తొడుక్కుని వస్తాడులే అనుకున్నాను. అందరూ తొందరపెడుతున్నా రెండు గంటలు ఆపించాను ఆయన్ని. వాడు వస్తున్నాడు, ఆగండి, ఆగండి అంటూనే ఉన్నాను."

తుంపర ఆగింది. కరెంటు ఏం చెయ్యాలో తోచక స్టీరింగు మీది పీలిక విప్పబోయాడు. పిన్ని అతని చెయ్యి తోసేసి సీట్లో కూర్చుంది.

"ఉండనీ. పని అవ్వకుండా పీలిక విప్పకూడదు. ఇంటికొచ్చి విప్పు."

తలుపు వేసుకుంది. కారు వెనక్కి కదిలింది. గడప ఎక్కినప్పుడు ఒకసారి, దిగినప్పుడు ఒకసారి కుదిపింది. హారన్ మోగలేదు. కరెంటు షెడ్డుకు తాళం వేసి, చెప్పులు తొడుక్కుని, కారు వెనకాలే నడిచాడు.