ఉరుకుందమ్మ గోలీలు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చో తల్లీ. ఆ టీవీ గొంతు కాస్త తగ్గించు. ఉరుకుందమ్మ ముచ్చట చెబుతాను. ఆమె ఎవరని అడిగితే చెప్పేవాళ్లు ఈ వీధిలో ఇప్పుడు లేరు.

కృష్ణ ఒడ్డున కరెంటు ఫ్యాక్టరీలో ఇంకో పొగగొట్టం లేస్తున్న కాలం అది. ఒకనాటి పొద్దున, ఎప్పటిలాగే ఉరుకుందమ్మ ఆఫీసర్ల క్వార్టర్ల మెట్లు ఊడుస్తూ ఉంది. పొట్టి మనిషి, బలమైన భుజాలు. కనురెప్పల వెంట్రుకల మీద కూడా బొగ్గు పొడి. మడమల పగుళ్లలో చేరిన నలుపు ఏ సబ్బుకూ పోయేది కాదు. "దుమ్మంతా ఇంట్లోకి లేపుతున్నావ్, కళ్లు కనబడవా?" అని పై అంతస్తు ఆవిడ కసిరింది. ఉరుకుందమ్మ తల ఎత్తలేదు. చీపురు పట్టిన పిడికిలి మాత్రం బిగిసింది. ఎవరేమన్నా అంతే. ఆమె కోపం చేతి దాకా వచ్చి ఆగిపోయేది, నోటి దాకా ఎక్కేది కాదు.

మొగుడు దుర్గప్ప బొగ్గు వ్యాగన్ల దగ్గర కూలి. అరవందే అన్నం తినడు. ఆ పొద్దున కూడా కొళాయి దగ్గర పక్కింటి హనుమన్నతో కలబడి వచ్చి, గూట్లో ఉన్న ఆమె బీపీ గోలీ ఒకటి వేసుకున్నాడు. బీపీ అంటే కోపమేనని వీధంతా నమ్మేది. కోపం దుర్గప్పది కాబట్టి గోలీలూ దుర్గప్పవే. దవాఖానలో అవి ఎవరి పేరున ఇచ్చారన్నది ఎవరికీ పట్టలేదు. నిజం చెప్పాలంటే ఆమెకూ అదే న్యాయమనిపించేది.

మధ్యాహ్నం కాలనీ దవాఖానలో నర్సు రక్షిత బీపీ చూడడానికి ఆమె జబ్బకు పట్టీ చుట్టి, గాలి కొట్టి, మొహం చిట్లించింది.

"గోలీలు మింగుతున్నవా, పారేస్తున్నవా?"

ఉరుకుందమ్మ నేల చూసింది. "మా ఆయన మింగుతడమ్మా. కోపం ఆయనకు గదా."

"కోపమొస్తే ఎవరికైన బీపీ ఎక్కుతది, మళ్ల దిగుతది. నీది దిగుతనే లేదు. కిడ్నీలు చెడి వచ్చే బీపీ ఒకటుంటది. నీకు అవి మంచిగున్నయి. నీది ఏ కారణం దొరకకుండ వచ్చింది, శానమందిది ఇదే. తల నొయ్యకున్నా దినాం గోలీ మింగాలె. ఉప్పు తగ్గియ్యాలె. మానితే మెదడుల నరం పగులుతది, విన్నవా?"

"నోరున్నోళ్లకే వస్తదనుకుంటిని."

"నీ మొగనికి ఉంటే ఆయన్నే రమ్మను, చూస్త. నీ గోలీ నువ్వు మింగు. ఇంత తిని మింగు."

తిని మింగమన్నది కాబట్టి అక్కడే మింగలేదు. పొద్దుటి నుంచీ కడుపులో ఏమీ పడలేదు. కొత్త గోలీల అట్ట కొంగున ముడివేసుకుని, సాయంత్రం పని కూడా ముగించుకుని ఇంటిదారి పట్టింది. మెడ వెనక రాయి కట్టినట్టుంది. ఈ పూట తానే మింగాలి. దారంతా అదొక్కటే ఆలోచన.

గడపలో కూర్చున్న దుర్గప్ప కళ్లు ముడి మీదే పడ్డాయి. "తెచ్చినవా? ఇటు తే. ఆ హనుమన్నగాడు మళ్ల నోరు లేపిండు, తల కాలుతున్నది."

"అవి నావి."

పెళ్లయ్యాక ఆమె ఎదురు చెప్పడం అదే మొదలు. దుర్గప్ప బిత్తరపోయి, ఆపైన వీధి వినేలా నవ్వాడు. "చూడుండ్రి, నోట్ల నాలుక లేదు గాని ఈమెకు బీపీ ఉందంట."

"నర్సమ్మ చెప్పింది. నరం పగులుతదంట. ఒక్కటి నన్ను మింగనియ్."

"రొట్టె నర్సమ్మకు చేసి పెడతవా, నాకు పెడతవా?" అంటూ కొంగు లాగి ముడి విప్పుకున్నాడు. ఒకటి మింగి అట్ట జేబులో వేసుకున్నాడు. "ఫో, ఆకలైతున్నది."

పక్కిళ్లన్నీ విన్నాయి. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

ఆమె పొయ్యి వెలిగించి పెనం పెట్టింది. జొన్నపిండి కలిపి, ముద్దను రాతి పలక మీద తట్టసాగింది. ఆ చప్పుడు మధ్యలో ఆగింది. కుడిచేయి లేవలేదు. ఎవరిదో చేయి అన్నట్టు దానికేసి చూసింది. ఎడమచేత్తో దాన్ని ఎత్తబోయి మెల్లగా గోడకు ఒరిగిపోయింది.

"పెనం మాడుతున్నది, సచ్చినవా ఏంది?" అని బయటినుంచి అరిచాడు దుర్గప్ప. లోపలికి తొంగి కూడా చూడకుండా మళ్లీ అరిచాడు.

మోసుకుపోయారు గానీ, దవాఖాన చేరేలోపే ప్రాణం పోయింది. కోపమే ఎరగని మనిషికి ఇదేం రోగమని సాగనంపడానికి వచ్చినవాళ్లు నోరు నొక్కుకున్నారు. దుర్గప్ప ఆ రోజు కూడా ఎవరితోనో తగవు పెట్టుకున్నాడు.

గుర్తుపెట్టుకో తల్లీ. ఆ రోగం నోరు చూసి రాదని, ఒకరి గోలీ ఇంకొకరిది కాదని నీ తర్వాతివాళ్లకు చెప్పు. ఉరుకుందమ్మ పేరు పెట్టే చెప్పు. చెప్పేటప్పుడు రాతి పలక మీద మిగిలిన ఆ రొట్టె సంగతీ చెప్పు: ఒకవైపు పలచగా సాగి, మరోవైపు ముద్దగానే ఉండిపోయింది, మధ్యలో ఆమె నాలుగు వేళ్ల గుర్తులు.