పొట్ట మీది చెయ్యి

ఆరాధన ముగిసి చర్చి వరండాలోకి రాగానే సంఘంలో పెద్దావిడ బుచ్చమ్మ చెయ్యి సుస్మిత పొట్ట మీద పడింది. అడగాపెట్టకుండా, సంతలో ఆనపకాయ నొక్కి చూసినట్టు. చేతికి కొబ్బరినూనె జిడ్డు. "ఏవమ్మా, ఏవైనా విశేషమా?" అంటూ ఆవిడ కన్ను గీటింది. సుస్మిత వెనక్కి జరిగింది. ఆ జిడ్డు లేతనీలం చీర మీద మరకై కూర్చుంది.

ఇదంతా అత్తగారు దానమ్మ చెప్పిన సాక్ష్యం చలవే. పోయిన నెల ఆవిడ ఇదే చర్చిలో మైకు పట్టుకుంది. కోడలికి క్యాన్సర్ వచ్చిందనీ, గర్భసంచి తీసెయ్యాల్సిందే అనుకున్నామనీ, తాను ఉపవాసముండి ప్రార్థిస్తే దేవుడు గర్భసంచి నిలబెట్టి రోగాన్ని పూర్తిగా తుడిచేశాడనీ కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. ఆవిడ చెప్పినదాంట్లో సుస్మిత తప్పుపట్టేది ఒక్కటే, 'పూర్తిగా' అన్న మాట.

కాకినాడ డాక్టరమ్మ ఆ మాట ఏనాడూ అనలేదు. రోగం మొదట్లోనే దొరికింది కాబట్టి గర్భసంచి మూతి మాత్రమే కోసి తీసేసి, పిల్లల కోసం మిగతాది ఉంచింది. ఉంచిన చోట మళ్లీ రాకుండా కనిపెట్టుకుని ఉండాలనీ, కొన్నేళ్లపాటు మూణ్ణెల్లకోసారి వచ్చి పరీక్ష చేయించుకోవాలనీ, పిల్లల ప్రయత్నం తాను సరేనన్నాకేననీ గట్టిగా చెప్పింది.

పరీక్ష దగ్గరపడింది. రాత్రి అన్నాల దగ్గర ఆ మాట ఎత్తగానే దానమ్మ ముఖం మాడ్చుకుంది. సాక్ష్యం చెప్పాక మళ్లీ ఆసుపత్రికి బయలుదేరితే రాజోలు బస్టాండులో నలుగురూ చూడరా, తన సాక్ష్యం అబద్ధం అనరా అంది. సుస్మిత భర్త వైపు చూసింది. జీవన్ హైస్కూల్లో సైన్సు చెబుతాడు. అతను నోట్లోంచి చేపముల్లు తీసి పళ్లెం అంచుకి రాస్తూ, "అమ్మ మాట కూడా నిలబడాలి కదా. ఈసారికి మానెయ్యి, పైసారి వెళ్దువుగాని" అన్నాడు.

సుస్మిత తన పళ్లెం పక్కకి నెట్టేసింది. రోగం పేరు విన్ననాడు కూడా ఇంత రోత పుట్టలేదు.

పై ఆదివారం దానమ్మే పాస్టరుగారితో చెప్పి కోడలి చేతికి మైకు ఇప్పించింది, కృతజ్ఞతగా నాలుగు ముక్కలు చెప్పమని. సుస్మిత లేచింది.

"అందరికీ వందనాలండి. దేవుడికి స్తోత్రం. నాకు గర్భసంచి మూతి కోసి తీసేరండి. మిగతాది ఉంది. రోగం మళ్లీ వచ్చిందో లేదో దేవుడికి తెలుసు, నాకు తెలియాలంటే మాత్రం బల్ల మీద పడుకుని పరీక్ష చేయించుకోవాలి. బుధవారం పొద్దున్న ఆరింటి బస్సుకి వెళ్తున్నాను. నా కోసం ప్రార్థన చెయ్యండి. పొట్ట మాత్రం ముట్టుకోకండి."

ముందు వరసలో ఆడవాళ్లు ముక్కులకి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆ పొట్ట మీద చేతులు వేసినన్నాళ్లూ లేని అసహ్యం మాట వినేసరికి వచ్చింది. పాస్టరుగారు తల వంచుకుని, "ఆయ్, ప్రార్థన చేద్దామండి" అన్నారు.

బయటికి రాగానే దానమ్మ పళ్లు బిగించింది. "దేవుడి సన్నిధిలో మూతి అంటావా? నోరెలా వచ్చిందే?" అని తుపుక్కున ఉమ్మింది. జీవన్ అప్పటికే బండి దగ్గరికి వెళ్లి, లేని దుమ్ము తుడుస్తున్నాడు.

అంతలో మళ్లీ పొట్ట మీద చెయ్యి పడింది. బుచ్చమ్మే. ఈసారి కన్ను గీటలేదు. చుట్ట వాసన కొట్టే నోరు సుస్మిత చెవి దగ్గర పెట్టి, ముట్లుడిగి ఎన్నాళ్లో అయినా తనకి అప్పుడప్పుడూ రక్తం కనబడుతోందనీ, సిగ్గేసి కూతురికి కూడా చెప్పలేదనీ గొణిగింది.

"ఆ బల్ల మీద నన్ను కూడా చూస్తారంటావా, అమ్మా?"

ఆ వాసనకి కూడా సుస్మిత మొహం తిప్పుకోలేదు.

"ముందు చెయ్యి తియ్యండి, పిన్నిగారూ."

బుచ్చమ్మ తీసేసింది.

"బుధవారం, ఆరింటి బస్సు. ఆలస్యమైతే మీ కోసం ఆగను."

"ఆయ్" అంది బుచ్చమ్మ, జిడ్డు చెయ్యి తన చీరకే తుడుచుకుంటూ.