పిట్ట ముట్టని గటక

మా మామ గండయ్య పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాము. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ఎత్తకూడదు. నాచారంలో మాది ఇప్పుడు రెండంతస్తుల డాబా కాబట్టి విస్తరిని మేడ మీద పిట్టగోడ పైన పెట్టాము.

విస్తరి నిండా జొన్నరవ్వ ఉడికించిన గటకే. పక్కన చింతకాయ తొక్కు. ఎందుకంటే మా ఆయన కనకరాజు కథ రాశాడు. పొలాలు పోయినా గటక రుచి మరవని ముసలాయన కథ. అది తన తండ్రి కథేనని అందరికీ చెప్పాడు. ఉప్పల్‌లో సభ పెట్టి శాలువా కూడా కప్పారు. అప్పటినుంచి చుట్టాలకు మామ అంటే గటక, గటక అంటే మామ. మా ఆడబిడ్డ సారలమ్మ రామంతాపూర్‌లో జొన్నలు పట్టించి, వండి, గిన్నెతో సహా మోసుకొచ్చింది.

కాకులు వచ్చాయి. చూశాయి. పోయి నీళ్ల ట్యాంకు మీద కూర్చున్నాయి. ఎండ ముదిరింది. కింద పిల్లలు ఆకలికి రాగాలు తీస్తున్నారు.

"నాయినకు ఏదో కోరిక మిగిలింది తమ్మీ," అని సారలమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

కనకరాజు మొహం మాడిపోయింది. "తిను నాయినా, నీకు గటకంటే పాణం గద," అని చేతులు జోడించి బతిమాలాడు. నాకు జాలీ వేసింది, ఒళ్లూ మండింది.

కిందికి దిగి, వీధి చివరి బేకరీలో ఎగ్ పఫ్ కొని తెచ్చి గటక పక్కన పెట్టాను.

"ఏందే ఇది? పిచ్చి లేసిందా?" అన్నాడు మా ఆయన.

నేను చెయ్యి తీశానో లేదో, ఒక కాకి వాలి పఫ్‌ను ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. అందరూ హమ్మయ్య అనుకుని భోజనాలకు దిగారు. మా ఆయన మాత్రం కదల్లేదు.

"నాయినకు గటక ఇష్టం లేకుండెనా?"

"చిన్నప్పుడు గతి లేక తిన్నడట. వాసనొస్తేనే కడుపుల దేవుతదనెటోడు."

"మరి నా కథ సదివి వచ్చినోళ్ల ముంగట గిన్నెడు తిన్నడు గద! ఎన్నిసార్లు!"

"అవ్. వాళ్లు పోయినంక నాకు సైగ జేసెటోడు. పఫ్ తెచ్చిచ్చేదాన్ని. 'పోరడు పదిమందికి జెప్పిండు, అది అబద్ధం గావద్దు బిడ్డా, ఆనికి జెప్పకు' అనెటోడు."

మా ఆయన విస్తరి పక్కనే ఉన్న, సారలమ్మ తెచ్చిన గిన్నెను దగ్గరికి లాక్కుని, ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు. గటక మీద అన్ని పేజీలు రాసిన మనిషి దాన్ని తినడం నేను చూడటం అదే మొదలు. ముద్ద గొంతు దిగలేదు. కళ్లు ఎర్రబడ్డాయి. ఉమ్మడానికి లేచాడు.

"మింగు," అన్నాను. "మామ మింగిండు."