కాలితో ఊపిన ఉయ్యాల

"పిల్లను కాలితో ఊపే తల్లిని నేనెక్కడా చూళ్ళేదే" అనేది మా అత్త, కళ్ళంలో మిరపకాయలు తిరగేస్తూ. ఏటా కోతలు రాగానే ఆ మాట బయటికి తీసేది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు కళ్ళాల్లో టార్పాలిన్ పట్టాలు పరుస్తున్నారు, రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి మనుషులు దొరకడం లేదు. పేడతో అలికిన ఆ పాత నేల, ఘాటుకి వరసగా తుమ్మి ఒకరినొకరు చూసి నవ్వుకునే ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య ఎవరూ పట్టనట్టు సత్తుగిన్నె మూత తిప్పుకుంటూ కూర్చునే నా నాలుగేళ్ళ రమ్య. తలుచుకుంటే అత్త గొంతు కూడా మళ్ళీ వినాలనిపిస్తుంది. క్షమించానని కాదు.

కోతల కాలమంతా నా చేతులు మండేవి. ఆముదం రాసినా, మజ్జిగలో ముంచినా తగ్గేది కాదు. ఆ చేతులతో పసిదాని ముఖం ముట్టుకుంటే గుక్కపట్టి ఏడ్చేది. అందుకని ఉయ్యాల కాలితో ఊపాను. నా చేతులు మండింది ఆ ఇంటి మిరపకాయలు కోసే. కూలి అడగలేదు. ఇంటి కోడలు కూలి అడగదు కదా.

తొంభై తొమ్మిదిలో, రమ్యకు ఇంకా మాట రాలేదని గుంటూరు తీసుకెళ్ళాం. పసితనంలో బాగా ఎత్తుకునేవారా అని డాక్టరు అడిగాడు. ఉన్నదే చెప్పాను, "కోతలప్పుడు కాలితో ఊపేదాన్నండి." ఆయన నన్ను వదిలేసి మా ఆయన వైపు తిరిగాడు. "దీన్ని ఆటిజం అంటారు. తల్లి ప్రేమ అందని పిల్లలకు వస్తుంది. కొన్నాళ్ళు తల్లికి దూరంగా పెంచి చూడండి." తిరుగు బస్సు చిలకలూరిపేట దాటింది. అప్పుడు మా ఆయన అన్నాడు, "విన్నావుగా? మా అమ్మ చదువుకోకుండానే చెప్పింది." పొదిలిలో ఉన్న మా ఆడబిడ్డకు కబురు పోయింది. సోమవారం వచ్చి పిల్లను తీసుకుపోతానంది. నేను అడ్డు చెప్పలేదు. డాక్టరు మాట నేనూ నమ్మాను.

ఆదివారం బడిలో పోలియో చుక్కలు వేశారు. ఒంగోలు నుంచి డాక్టరు సంతోషకుమారి వచ్చింది. రమ్య నోరు తెరవకుండా మందు డబ్బా మూత లాక్కుని తిప్పడం మొదలుపెట్టింది. ఆమె విసుక్కోలేదు. మూత తిరిగి తిరిగి ఆగేదాకా చూసి, అప్పుడు చుక్కలు వేసింది.

"మాటలొచ్చాయా అమ్మా?"

"రాలేదండి. నా వల్లే. రేపు మా ఆడబిడ్డ తీసుకుపోతుంది."

"నీ వల్లని ఎవరన్నారు?"

చెప్పాను. ఆమె నన్ను బల్ల మీద కూర్చోబెట్టింది. "మా అన్న కొడుకూ ఇంతే. అందుకే ఇదంతా చదివాను" అంది. అమెరికాలో కానర్ అనే డాక్టరు నలభై మూడులో ఇలాంటి పిల్లల గురించి రాశాడట. కన్నవాళ్ళలో ఆప్యాయత లేదని, ఈ పిల్లలు ఫ్రిజ్జులో పెరిగినట్టు పెరిగారని తర్వాత ఆయనే అన్నాడట. అక్కణ్ణుంచి ఫ్రిజ్జు తల్లులన్న పేరు పడింది. చికాగోలో బెటెల్‌హైమ్ అనే ఆయన పిల్లలను తల్లుల నుంచి విడదీసి తన బడిలో ఉంచుకున్నాడట.

"మా ఇంట్లో ఫ్రిజ్జే లేదు మేడమ్. ప్రెసిడెంటు గారింట్లో ఒకటుంది, దాన్నిండా ఆయన సోడాలే" అన్నాను. ఆమె పక్కున నవ్వింది.

"రిమ్‌లాండ్ అని ఒక తండ్రి, ఆయన కొడుకూ ఇలాంటివాడే. ఇది పుట్టుకతో వచ్చేది, తల్లుల తప్పు కాదని అరవై నాలుగులో పుస్తకం రాశాడు. లండన్‌లో లోర్నా వింగ్ అని డాక్టరమ్మ, ఆమె కూతురూ ఇంతే. ఆ పిల్లను పెంచుతూనే ఇలాంటి పిల్లలందరి కోసం పనిచేస్తోంది. చివరికి కానరే అరవై తొమ్మిదిలో తల్లిదండ్రుల సభలో, మిమ్మల్ని నిర్దోషులుగా వదిలేస్తున్నానన్నాడు."

నాకు సంతోషం కలగలేదు, ఒళ్ళు మండింది. "అసలు ముద్దాయిలని చేసిందెవరండీ? పోనీ, ముప్పై ఏళ్ళయినా ఆ మాట గుంటూరు చేరలేదా?"

"చేరింది. కొందరు పాత పుస్తకమే పట్టుకున్నారు" అందామె.

నాతో ఎవరూ అంతసేపు మాట్లాడగా ఎరగను. ఇంట్లో మాట్లాడేవాళ్ళు నా గురించి మాట్లాడేవాళ్ళు. బడి వరండాలో ఎండ, పిల్లల ఏడుపులు, ఆమె ఒంటి నుంచి వచ్చే డెట్టాలు వాసన. ఈనాటికీ డెట్టాలు వాసన తగిలితే నా నడుం దానంతటదే నిటారుగా అవుతుంది. ఎక్కడో లండన్‌లో డాక్టరు చదివిన ఆడమనిషికీ నా కూతురి లాంటి కూతురే. ఆమెను కూడా ఎవరో ఒకరు, పిల్లను సరిగ్గా ఎత్తుకున్నావా అని అడిగే ఉంటారు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన మంచం మీద కూర్చుని అన్నం తింటున్నాడు. అత్త పక్కన విసనకర్రతో విసురుతోంది. విన్నదంతా చెప్పాను.

"ఎవరో సూది వేసే ఆవిడ చెబితే అయిపోయిందా?" అంది అత్త.

"అయితే తప్పు నీది కాదంటావు" అన్నాడాయన. "మరెవరిది? నాదా?"

ఆయన కంచంలో పప్పు వేశాను.

"తప్పెవరిదని అడగని మనిషి రమ్యకు ఒకళ్ళుండాలండీ. ఆ మనిషిని నేను. రేపు మీ అక్క వస్తే కడుపునిండా అన్నం పెడతాను. పిల్లను మాత్రం ఇవ్వను."