చచ్చినట్టు లేదు

వంటింటి గుమ్మంలో ఆయన రెండోసారి చచ్చిపోతుంటే, భార్య పాలగిన్నె పట్టుకుని ఆయన కాళ్ళ మీంచి దాటింది.

"కాస్త అటు జరిగి చావండి. పాలు ఒలికిపోతాయి."

ఆయన కాస్త అటు జరిగి చచ్చాడు. గుమ్మం అంచు ఎడమ భుజానికి గుచ్చుకుంది. పొద్దున లేచినప్పటినుంచీ అక్కడే ఏదో పట్టేసినట్టుంది. నేలమీద పడుకుని పైకప్పు వంక చూస్తూ, కుడిచెయ్యి ఎక్కడుంటే బాగుంటుందో ఆలోచించాడు. పొట్టమీద పెడితే భోంచేసినట్టుంది. తలకింద పెడితే సెలవు పెట్టినట్టుంది.

ఆయన కామిక్స్ రచయిత. బొమ్మలు వేయడు. జీవితంలో సగభాగం ఈ రెండో మాట చెప్పడానికే సరిపోయింది. పెళ్ళికి ముందు మామగారు ఒక తెల్లకాగితం చేతికిచ్చి, "ఏదీ, ఓ చిలకను వేసి చూపించు బాబూ" అన్నారు. చిలక ఎటు తిరిగి ఉండాలో, ముక్కు మీద వెలుగు ఎటునుంచి పడాలో, మెడ ఎంత వంచాలో ఈయన పేజీ నిండా రాసిచ్చాడు. మామగారు అది ఓపిగ్గా చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "పోన్లే, చెడు అలవాట్లు లేవుగా" అన్నారు. అలా పెళ్ళయింది.

గీత గీయడం రాదు కాబట్టి ప్రతి బొమ్మనూ ముందు తన ఒంటితో చేసి చూసుకుంటాడు. సన్నటి మెడ, దానికి ఏమాత్రం సంబంధం లేని పొట్ట, అరిగిపోయిన మోకాళ్ళు. ఈ సరంజామాతోనే ఇన్నేళ్ళూ కత్తియుద్ధాలు చేశాడు, బాత్రూమ్ బకెట్ పక్కన మునిగిపోయాడు, కిటికీ పరదా పట్టుకుని అగాధంలో వేలాడాడు. కూతురు ఫోన్లో ఫొటో తీసి బొమ్మలాయనకు పంపుతుంది. ఆయన దాన్ని చూసి, పొట్ట తీసేసి, కండలు పెట్టి గీస్తాడు. ఒకసారి పక్కింటావిడ చక్కెర కోసం వచ్చి, ఈయన తన గొంతు తనే పిసుక్కుంటుంటే చూసి, "పనిలో ఉన్నట్టున్నారు, మళ్ళీ వస్తాలెండి" అని వెళ్ళిపోయింది. చక్కెర మాత్రం మర్చిపోలేదు, భార్యనడిగి పట్టుకుపోయింది.

పుస్తకాలు వేసే సంస్థలేవీ ఈయన్ని వేసుకోలేదు. అందుకని తన పుస్తకం తనే అచ్చు వేయించుకుని, కట్టలు తనే మోసుకెళ్ళి, ప్రదర్శనల్లో బల్ల వెనక తనే కూర్చుంటాడు. కొనేవాళ్ళు అట్ట చూసి, "బొమ్మలు బాగా వేశారండీ" అంటారు. మొదట్లో సరిచేసేవాడు. సరిచేస్తే పుస్తకం కింద పెట్టేసి పోతున్నారని మానేశాడు.

ఆయన కథానాయకుడు గొడుగుమనిషి. మేడల మీంచి గొడుగు విప్పి దూకి, దొంగల్ని పట్టుకుంటాడు. ఇప్పుడు వాడికీ వయసొచ్చింది. ఇది ఆఖరి పుస్తకం. ఆఖరి పేజీలో వాడు తన కుర్చీలో, ఎవరికీ చెప్పకుండా పోవాలి. పేజీ అంతా ఒకటే బొమ్మ, ఒక్క మాట ఉండకూడదు. ఇన్నేళ్ళూ అందరి నోళ్ళలో మాటలు పెట్టినవాడికి, ఒక్క పేజీ మాటలు లేకుండా రాయాలన్నది ఒక్కటే కోరిక.

బొమ్మలాయన ఫోన్లో విరుచుకుపడ్డాడు.

"మాటల్లేకపోతే ఇక మీరెందుకు గురువుగారూ? అయినా కుర్చీలో కూచుని ఎవడైనా చస్తాడా? చూసినవాడు కునుకు తీస్తున్నాడనుకుంటాడు. పక్కన 'చచ్చాడు' అని రాసేద్దాం."

"వద్దు. చూడగానే తెలియాలి."

"అయితే తెలిసేలా ఫొటో పంపండి. సాయంత్రం ప్రెస్సుకి వెళ్ళాలి. నేను నమ్మితే గీస్తా. నమ్మకపోతే మేడ మీంచి తోసేస్తా, పెద్ద కేకతో. అమ్ముడుపోతుంది కూడా."

పొద్దుట్నుంచి పంపినవన్నీ తిరిగొచ్చాయి. గుమ్మంలో చావుకి, 'జారిపడ్డట్టుంది' అని జవాబొచ్చింది. మంచం మీది చావుకి, 'జ్వరం అనుకుంటారు' అని.

మధ్యాహ్నం భోజనం సగంలో వదిలేసి లేచాడు. అసలు చావు కుర్చీలో కదా, కుర్చీలోనే చూడాలి. హాల్లో కొత్త సోఫా ఉంది గానీ, కొన్నప్పటి ప్లాస్టిక్ తొడుగు ఇంకా తీయలేదు. అతిథులొస్తే తీద్దామని భార్య ఉద్దేశం. వచ్చిన అతిథులెవరూ ఇప్పటిదాకా ఆ స్థాయికి చేరలేదు.

"సోఫాలో చావనా?" అని అడిగి చూశాడు.

"ఆ పాత కుర్చీకేమైంది? చెమట మరకలు పడితే ఎవరు తుడుస్తారు?"

పాత కుర్చీ గోడకి జరుపుకున్నాడు. బొమ్మలో మనిషి తలమీద మాటల కోసం గీసే బుడగ ఉంటుంది కదా, అలాంటిది తెల్లకాగితంతో కత్తిరించి గోడకి అంటించడం ఆయన అలవాటు. ఎంత మాట పడుతుందో అలా కొలుచుకుంటాడు. ఇవాళా అంటించాడు. దాని తోక సరిగ్గా తన నోటివైపు వచ్చేలా సర్దాడు. ఖాళీగానే ఉంచాడు. అది ఖాళీగా ఉండి కూడా చాలినట్టు అనిపిస్తే, తను గెలిచినట్టే.

గొడుగు వంపుపిడిని చూపుడువేలికి తగిలించుకుని కూర్చున్నాడు.

"నిద్రపోయేవాడు పట్టు వదిలినా వేలు బిగించే ఉంచుతాడమ్మా. పోయినవాడి వేలు..." అని ఆగి భుజం రుద్దుకున్నాడు. "నేను కదలడం ఆపేశాక తియ్యి. మధ్యలో పిలవకు, నవ్వొచ్చేస్తుంది."

"తొందరగా కానివ్వు నాన్నా. నాకు మీటింగుంది" అంది కూతురు.

కళ్ళు సగం మూశాడు. ఫ్యాను కిర్రుమంటోంది. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. భుజంలో పట్టేసినది మెల్లగా చేతిలోకి దిగింది. వేలు బరువెక్కి, దానంతటదే వదులైంది. ఇదీ, సరిగ్గా ఇదే, అనుకున్నాడు. లేవగానే రాసుకోవాలి అనుకున్నాడు. గొడుగు వేలి మీంచి జారి నేల మీద పడింది.

కూతురు ఫొటో తీసింది. తండ్రి చెప్పినట్టే పిలవలేదు. పంపేసి, తన గదిలోకి వెళ్ళి మీటింగులో కూర్చుంది.

భార్య వచ్చి గొడుగు తీసి మూలన పెట్టింది. పొరక పట్టుకుని, కుర్చీ కింద ఊడ్చడానికి ఆయన కాళ్ళు రెండూ పక్కకి జరిపింది. చెప్పకుండానే కాళ్ళు జరగనిచ్చినందుకు కాస్త ముచ్చట పడింది.

మీటింగు మధ్యలో ఫోన్లో బొమ్మలాయన జవాబొచ్చింది. కూతురు గదిలోంచే చదివి వినిపించింది.

"నాన్నా, ఇదీ కుదర్లేదట. 'ఓవరాక్షన్ తగ్గింది గానీ చచ్చినట్టు లేదు. ఇంకోటి పంపండి' అంటున్నాడు."

జవాబు లేదు.

"అలిగారు" అంది భార్య. "టీ పెడితే లేస్తారులే."

టీ చల్లారి మీగడ కట్టింది. అప్పుడు భార్య ఆయన భుజం పట్టి కుదిపింది. తర్వాత కూతుర్ని పిలిచింది. ఆ పిలుపుకి కూతురు మీటింగు వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

జవాబు కోసం చూసి చూసి, సాయంత్రం బొమ్మలాయన గొడుగుమనిషిని మేడ మీంచి తోసేశాడు. పేజీ నిండా కేక. ఆ తర్వాత విషయం తెలిసింది గానీ, అప్పటికే ప్రెస్సుకి వెళ్ళిపోయింది. పుస్తకం బాగానే అమ్ముడుపోయింది.

పరామర్శకి చాలామంది వచ్చారు. కుర్చీలు చాలక, సోఫాకి తొడుగు తీయక తప్పలేదు. పక్కింటావిడ దాని మీద అరచెయ్యి రాసి, "రంగు బాగుంది" అని, వెంటనే కళ్ళు తుడుచుకుని, "అన్నయ్యగారు బొమ్మలు ఎంత బాగా వేసేవారో!" అంది.

భార్య సరిచెయ్యబోయింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, "అవునండీ, బాగా వేసేవారు" అంది.

పాత కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. దాని మీద గోడకి తెల్లకాగితం బుడగ ఇంకా అంటుకునే ఉంది. ఫ్యానుగాలికి ఒక అంచు లేచి పడుతోంది. లోపల ఏమీ రాసి లేదు. తోక మాత్రం ఖాళీ కుర్చీనే చూపిస్తోంది.