ఇంజిన్ పని అయ్యాక

పొద్దున ఐదున్నర అయ్యేసరికి డ్రైవరు క్రిస్పులో తన జీప్నీ బండితో లపాజ్ మార్కెట్ ముందు ఉండాల్సిందే. వెనక ఎదురెదురు బల్లల మీద మోకాళ్ళు తగిలేటట్టు పద్దెనిమిది మంది కూర్చుంటారు. చేపల గంపలు, బడిపిల్లల సంచులు అన్నీ సర్దుకున్నాక అతను గేరు వేస్తాడు. అప్పుడు ఇంజిన్ లోంచి అతని పెళ్ళాం లుడివినా గొంతు లేస్తుంది.

"అందరూ ఇచ్చారా? ఆ మూల కూర్చున్న బాబూ, డబ్బులు ఇటు అందించు నాయనా!"

"ఇచ్చేశాం వదినా!" అంటుంది చేపలమ్మే పురిసిమా. ఆవిడ ఒక్కనాడైనా ముందుగా ఇచ్చిన పాపాన పోలేదు.

లుడివినా కడుపులో జబ్బుతో పోయి ఆరేళ్ళు. అంతకుముందు పంతొమ్మిదేళ్ళు మొగుడి పక్క సీట్లో కూర్చుని, వెనకనుంచి చేతులు మారి వచ్చే ఛార్జీలు అందుకుని, చిల్లర పంపించి, మలుపు మలుపుకీ మొగుణ్ణి కేకలేసింది. ఇలోయిలో ఊరివాళ్ళు తిట్టినా పాట పాడినట్టే ఉంటుందంటారు. ఆవిడ తిట్లయితే మరీ రాగం. నలభయ్యో రోజు ప్రార్థనలు ముగిశాక, మర్నాడు అతను బండి తీస్తే ఇంజిన్ ఆవిడ గొంతుతోనే మొదలెట్టింది. పక్కన ఎక్కువకాలం కూర్చున్నవాళ్ళ మాట ఏ ఇంజిన్‌కైనా అంటుకుంటుంది. కొన్నిటికి దగ్గు అంటుకుంటుంది, కొన్నిటికి జపమాల. కొత్తమాట మాత్రం ఒక్కటీ రాదు, బతికుండగా అన్నవే వస్తాయి. క్రిస్పులోకి అవి చాలు. "నెమ్మదయ్యా, వెనక కూర్చున్నది బియ్యం బస్తాలు కాదు" అని ఆవిడ రోజుకి పదిసార్లు అంటే, పదిసార్లూ "సరేలేవే" అంటాడు. ఆ పక్క సీట్లో ఎవర్నీ కూర్చోనివ్వడు. కూతురు ఆర్లిన్ కూడా వెనకే ఎక్కుతుంది.

ఈ ఎండాకాలం ఇంజిన్ నీలంపొగ కక్కడం మొదలెట్టింది. పోసిన ఆయిలు పోసినట్టే తాగేస్తోంది. పొగ పరీక్షలో నెగ్గకపోతే వచ్చే నెలనుంచి రూటు కాగితం ఇచ్చేది లేదన్నారు రవాణా ఆఫీసువాళ్ళు. కాగితం లేకపోతే బండి ఇనపసామాను కిందే లెక్క.

మెకానిక్కు తిబో మూత విప్పి చూసి, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"క్రిస్పూ, రెండే దార్లు. జపాన్ నుంచి వచ్చిన పాత ఇంజిన్ ఒకటి బిగిద్దాం. లేదా దీన్నే బోరు చేసి, అంటే లోపలి గోడలు గీకి, కొత్త పిస్టన్లు వేద్దాం. సిలిండర్ గోడలు పూర్తిగా అరిగిపోయాయి."

"బోరు చేస్తే మాట ఉంటుందా?"

"మాట అంటుకునేదే ఆ గోడలకిరా. గీకకుండా ఎలా? పోయినసారి, మీ ఆవిడ ఉన్నప్పుడు, రింగులు మార్చామంతే, గోడ జోలికి పోలేదు. ఈసారి తప్పదు. అదృష్టం ఉంటే ఒకటో రెండో మాటలు మిగులుతాయి."

జపాన్ ఇంజిన్లు అమ్మే యార్డుకి తీసుకెళ్ళి తిబో ఒకటి నడిపించి చూపించాడు. కత్తిలాంటి ఇంజిన్, పిసరంత పొగ లేదు. లోపలనుంచి ఎవరో ముసలాయన గొంతు సవరించుకుని, ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు.

"ఏమంటున్నాడు?"

"ఎవర్నో పిలుస్తున్నట్టున్నాడు. మంచి మనిషేలా ఉన్నాడు, గొడవ చెయ్యడు," అన్నాడు తిబో.

క్రిస్పులో చాలాసేపు విన్నాడు. ఆ పిలుపు వినాల్సిన మనిషి ఏ ఊళ్ళో ఉందో, అసలు ఉందో లేదో.

ఇంటికొచ్చి అన్నం దగ్గర కూర్చున్నాక ఆర్లిన్ అంది, "ఇంజిన్ మార్చెయ్ నాన్నా. అమ్మని తెచ్చి మన మెట్ల కింద పెట్టుకుందాం. ఎవరూ గీకరు."

"నడవని ఇంజిన్ మాట్లాడదే."

"మాట్లాడకపోతేనేం, ఇంట్లో ఉంటుంది కదా."

"నోరు మూసుకుని మెట్ల కింద కూర్చునే మనిషా మీ అమ్మ?"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే క్రిస్పులో కళ్ళు తుడుచుకున్నాడు. "బోరే చేయిస్తా. మిగిలితే రెండు మాటలు మిగులుతాయి. లేకపోతే కనీసం ఆ ఇనుమైనా నాతో రోడ్డు మీద తిరుగుతుంది," అన్నాడు. ఆర్లిన్ ఎండుచేప సగం వదిలేసి లేచింది. ఈమధ్య అలాగే వదిలేస్తోంది. అడిగితే గ్యాస్ అంటుంది.

బోరు పనికి ముందు చివరి ట్రిప్పు రోజు పురిసిమా ఎక్కీ ఎక్కగానే ఛార్జీ తీసి అందరికంటే ముందు పంపించింది. "వదినా, ఇదిగో, ఇచ్చేశా!" అని ఏడ్చేసింది. "అందరూ ఇచ్చారా?" అంది ఇంజిన్, ఎప్పట్లాగే.

లేత్ షాపులో ఇంజిన్ దిమ్మని బల్లకి బిగించి బోరింగ్ మిషన్ దింపారు. ఆర్లిన్ కూడా పనికి సెలవు పెట్టి వచ్చింది. గీకేటప్పుడు రాలే అమ్మ మాటలు ఆఖరిసారి వినాలంది.

మొదటి సిలిండర్ గీకుతుంటే ఇనప రజనుతోపాటు తిట్లు రాలాయి. "ఆ ట్రక్కుతో నీకు పందెమేంటయ్యా!" రెండోదాంట్లో బేరాలు, పండగ పాటలు. మూడోదాంట్లో చిన్నప్పటి ఆర్లిన్‌ని ఒళ్ళో పడుకోబెట్టుకుని జోకొట్టిన మాటలు. షాపులో వాళ్ళు తమ పనులు ఆపి నిలబడ్డారు. క్రిస్పులో రాలిన రజనుని దోసిట్లోకి తీసుకుంటూ ఉన్నాడు.

నాలుగోది ఆవిడ సీటుకి దగ్గరగా ఉండేది. పైపొర పోయాక అందులోంచి, ఎప్పుడూ వినని నెమ్మదైన గొంతు వచ్చింది.

"మళ్ళీ పొడుస్తోందే. కుడిపక్కనే, పక్కటెముకల కింద. మూడు నెలలైంది. ఆయనకి చెబితే రింగుల పని మానేసి నన్ను ఆసుపత్రికి లాక్కెళతాడు. బండి ఆగిపోతే ఏం తింటాం? ఇంజిన్ పని అయ్యాక చెబుతాలే. నువ్వూ చెప్పకు."

క్రిస్పులో చేతుల్లోంచి రజను జారిపోయింది.

ఆవిడ ఇంజిన్‌తోనే చెప్పుకుంది. ఎప్పుడన్నదో అతనికి వెంటనే తెలిసింది. ఆ బండి స్టార్టర్ మొండిది, ఆపితే ఓ పట్టాన అంటుకోదు. అందుకే మధ్యాహ్నం స్టాండులో ఇంజిన్ ఆపకుండా వదిలేసి అతను బాచోయ్ తినడానికి పోయేవాడు. "నువ్వు రావే" అంటే, "నాకాకలి లేదు, బండి నేను చూస్తాలే, నువ్వెళ్ళు" అనేది. అతను నమ్మాడు. రోజూ గిన్నెడు వేడి నూడుల్స్ తిని, పులుసు రెండోసారి పోయించుకుని, పళ్ళు కుట్టుకుంటూ తిరిగొచ్చేవాడు.

"అయ్యో, ఎంత వెధవనే," అన్నాడు పైకే.

"నాన్నా."

ఆర్లిన్ మొహం పాలిపోయింది. ఆమె చెయ్యి కుడిపక్కన, పక్కటెముకల కింద నొక్కిపెట్టి ఉంది.

"నాకూ అక్కడే."

"ఎన్నాళ్ళనుంచి?"

"రెండు నెలలు." తల వంచుకుంది. "ఇంజిన్ పని అయ్యాక చెబుదామనుకున్నా."

తిబో మిషన్ ఆపేశాడు. జిడ్డు చేతులతోనే తన మూడుచక్రాల మోటారుబండి తీసి ఇద్దర్నీ ఆసుపత్రికి తోలాడు.

తల్లి జబ్బే పిల్లకీ వచ్చిందని, ఇంకో ఆర్నెల్లు ఆగి ఉంటే తమ చేతుల్లో ఉండేది కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషనయింది. పిల్ల బతికింది. ఆ మాట విని క్రిస్పులో ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, ఆరేళ్ళనాడు ఏడవాల్సినదంతా కలిపి ఏడ్చాడు.

ఇంజిన్ పొగ పరీక్షలో నెగ్గింది. రూటు కాగితం వచ్చింది. మాట ఒక్కటి కూడా మిగల్లేదు. మొదట్లో బండి కదలగానే వెనక అందరూ ఆ గొంతు కోసం చెవులొగ్గేవాళ్ళు. తర్వాత పురిసిమా తనే "అందరూ ఇచ్చారా?" అనడం మొదలెట్టింది.

పక్క సీట్లో ఇప్పుడు ఆర్లిన్ కూర్చుంటోంది. మధ్యాహ్నం స్టాండుకి రాగానే క్రిస్పులో ఇంజిన్ ఆపేసి, కూతుర్ని దింపి తనతో తీసుకెళతాడు. రెండు గిన్నెల బాచోయ్ చెబుతాడు. ఆమె గిన్నెలో సగం అయ్యేదాకా తన చెంచా ముట్టడు.

"ఎక్కడైనా నొప్పిగా ఉందా?"

"లేదు నాన్నా. రోజూ ఎన్నిసార్లడుగుతావు?"

"చెప్పు, ఉందా?"

"లేదంటున్నాగా!"

తిరిగొచ్చేసరికి స్టార్టర్ మొండికేస్తుంది. ప్రయాణికులు సణుక్కుంటూ దిగి, భుజాలు ఆనించి తోస్తారు. బండి ఓ కుదుపు కుదిపి అంటుకుంటుంది. క్రిస్పులో తల వంచి కాసేపు వింటాడు. ఇంజిన్ చప్పుడే. గేరు వేస్తాడు.